ఆరుగురి పేర్లు

మూడో సంవత్సరం పరీక్షలు అయిపోయిన వారానికే తరన్నుమ్ ఐరాల రోడ్డులో ఉన్న ఒక మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో ఇంటర్న్‌షిప్‌కు చేరింది. ఆమె చదివేది తిరుపతిలో ఒక ప్రైవేటు కాలేజీలో. చదువు పేరు ఇండస్ట్రియల్ ఇంజనీరింగ్ అండ్ మేనేజ్‌మెంట్. ఇల్లు మాత్రం చిత్తూరు టౌన్లోనే. తండ్రి నిస్సార్ రేకు పెట్టెలు చేసి అమ్ముతాడు. కూతురు ఏం చదువుతోందని ఎవరైనా అడిగితే "ఇంజనీరింగ్" అని ఊరుకుంటాడు. ఆ పేరులో మిగతా ముక్కలు ఏమిటో ఆయనకు ఇంకా అంతుపట్టలేదు.

సెలవులకు బయల్దేరే ముందు ఆమె గైడు జ్ఞానాంబ మేడమ్ ఒక కాగితం చేతికిచ్చింది. ఈ డిగ్రీ పూర్తి చేసినవాళ్ళు ఏమేమి చేయగలిగి ఉండాలో అందులో పన్నెండు వాక్యాలు అచ్చువేసి ఉన్నాయి. సమస్యను విడదీసి చూడగలగాలి, కొలతలు తీసి వాటి నుంచి సరైన నిర్ణయానికి రాగలగాలి, తన పని వల్ల మనుషులకు ఏమవుతుందో ఆలోచించగలగాలి, నలుగురితో కలిసి పనిచేయగలగాలి, ఇలా. ప్రతి వాక్యం పక్కనా ఒక ఖాళీ గడి.

"ఏది సాధించినావో దానికి టిక్కు పెట్టి, యాడ, ఎట్ల సాధించినావో కింద నాలుగు మాటలు రాయాల" అంది మేడమ్. "సీనియర్ల రిపోర్టు చూసి దింపినావంటే నాకు తెలిసిపోతాది. పదేండ్లుగా ఆ నాలుగు మాటలే చదవతా ఉండా."

తరన్నుమ్ బుద్ధిగా తల ఊపింది. సీనియర్ రిపోర్టు అప్పటికే ఆమె ఫోన్లో ఉంది.

ఫ్యాక్టరీలో తోతాపురి కాయల సీజను మొదలై పది రోజులైంది. గేటు బయట కాయల ట్రాక్టర్లు రోడ్డు మలుపు దాకా నిలబడి ఉన్నాయి. లోపల మాగబెట్టే షెడ్డు, అది దాటితే కాయలు కడిగే తొట్టి, తొట్టి నుంచి పొడవాటి రబ్బరు బెల్టు. బెల్టుకు అటు పన్నెండు మంది, ఇటు పన్నెండు మంది ఆడవాళ్ళు చిన్న కత్తులు పట్టుకుని నిలబడతారు. ముందుకు కదిలి వచ్చే ప్రతి పండునూ అందుకుని, ముచ్చిక కోసి, నల్ల మచ్చ ఉంటే చెక్కి వదిలిపెడతారు. అక్కడి నుంచి పండు యంత్రంలోకి పోయి టెంక వేరు, గుజ్జు వేరు అవుతుంది.

మేనేజరు ధనంజయ యాభై దాటిన మనిషి. ఆయన తరన్నుమ్‌ను బెల్టు దగ్గరికి తీసుకుపోయి చూపించి, "అమ్మా, ఈడ ఇరవై నాలుగు మంది ఉండారు. ఇంతమంది కావల్నా, తక్కువతో అవుతాదా? కొలిచి లెక్క కట్టి ఇయ్యి. మీ సదువు అదే కదా?" అన్నాడు.

"అదే సార్" అంది తరన్నుమ్. అంత సూటిగా ఒక పని అప్పగించినందుకు ఆమెకు సంతోషం వేసింది. తోటి విద్యార్థులు కొందరు నాయుడుపేట వైపు ఫ్యాక్టరీల్లో చేరి, వచ్చిన రోజు నుంచి కాగితాలు జిరాక్సు తీస్తున్నారు.

బెల్టు దగ్గరి ఆడవాళ్ళను చూసుకునే సూపర్వైజరు పేరు ఎస్తేరు. నలభై ఏళ్ళుంటాయి. గొంతు యంత్రాల మోత మీద కూడా వినబడుతుంది. ఆమె కొత్త పిల్లను ఎగాదిగా చూసి అడిగింది.

"ఏం సదువు పాపా నీది?"

"పని ఎట్ల జరగతా ఉండాదో చూసి, ఇంకా బాగా జరిగేదానికి దారి చెప్పే చదువక్కా."

"పని చేసే సదువు కాదా?"

"కాదక్కా, చూసే చదువు."

"మంచి సదువే" అని నవ్వి, ఎస్తేరు ఒక ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి వేసింది.

మూడు రోజుల పాటు తరన్నుమ్ ఆ కుర్చీలో కూర్చుని, స్టాప్‌వాచీ పట్టుకుని, ఒక్కొక్కరు ఒక్కో పండుకు ఎంతసేపు తీసుకుంటున్నారో రాసుకుంది. చేతులు చకచకా ఆడాయి. పండుకు సగటున నాలుగున్నర సెకన్లు. బెల్టు మీద నిమిషానికి వచ్చే పండ్లతో దాన్ని కలిపి లెక్క వేస్తే, పద్దెనిమిది మంది చాలని తేలింది. రెండోసారీ మూడోసారీ వేసి చూసింది. అదే అంకె వచ్చింది. శుక్రవారం సాయంకాలం రంగుల గ్రాఫులతో ఎనిమిది పేజీల రిపోర్టు ధనంజయ టేబులు మీద పెట్టింది.

ఆయన చివరి పేజీ మాత్రం చదివి, "శభాష్. పదహైదేండ్లుగా ఈడ ఎవరూ ఇట్ల లెక్క కట్టలేదమ్మా" అన్నాడు. బస్సులో ఇంటికి పోతూ ఆమె కాగితం మీది పన్నెండు గడుల్లో తొమ్మిదింటికి టిక్కు పెట్టుకుంది. సీనియర్ రిపోర్టు చూడాల్సిన పని కూడా లేకపోయింది.

శనివారం పొద్దున ఆమె ఫ్యాక్టరీలో అడుగు పెట్టేసరికి ఎస్తేరు గేటు దగ్గరే నిలబడి ఉంది. ముఖంలో నవ్వు లేదు. తరన్నుమ్‌ను మెట్ల కిందికి పిలుచుకుపోయి, ఒక తెల్ల కాగితం, పెన్ను ఆమె చేతిలో పెట్టింది.

"ఏందక్కా ఇది?"

"ఆరు పేర్లు రాయి."

"ఏం పేర్లు?"

"సోమవారం నించి రావద్దని ఎవురెవురికి సెప్పల్లో ఆ పేర్లు. సార్ నన్ను రాసియ్యమన్నాడు. రాత్రంతా కూసున్యా, నా శాత కాలేదు. కొలిసినావు గదా, నువ్వే రాయి."

పద్దెనిమిది చాలు అని రాసినప్పుడు అది ఒక అంకె. ఇరవై నాలుగులోంచి పద్దెనిమిది తీస్తే మిగిలేవాళ్ళు మనుషులని ఆమెకు తెలియక కాదు. వాళ్ళు ఇంకో పనికి పోతారనో, ఆ సంగతి ఎవరో చూసుకుంటారనో కూడా ఆమె అనుకోలేదు.

"అక్కా, వాళ్ళను వేరే పనిలో పెడతారేమో..."

"యాడ పెడతారు? సీజను ఉండేదే రెండు నెలలు. ఈ రెండు నెలల పనిని నమ్ముకోనే కదా ఊర్లలో ఉండే పనులు ఇడిసిపెట్టి వచ్చినారు." ఎస్తేరు గొంతు తగ్గించింది. "నీ మింద నాకు కోపం లేదు పాపా. నీ లెక్క నువ్వు రాసినావు. పేర్లు కూడా నువ్వే రాసిపెడితే నాకా పాపం ఉండదని అడగతాండా, అంతే."

కాగితం తిరిగి ఇచ్చేయబోతే ఎస్తేరు తీసుకోలేదు. లోపలికి వెళ్ళిపోయింది.

మధ్యాహ్నం అన్నం వేళకు ఆడవాళ్ళందరూ షెడ్డు నీడలో వరుసగా కూర్చుని క్యారియర్లు విప్పారు. వాళ్ళకు ఇంకా ఏమీ తెలియదు. తరన్నుమ్ ఎక్కడ కూర్చోవాలో తోచక నిలబడి ఉంటే, అందరిలోకీ పెద్దదైన తిరుమలమ్మ పక్కకు జరిగి చోటిచ్చింది. "రా పాపా, ఈడ కూసో. మొగం ఏంది అట్ల వాడిపోయింది?"

తరన్నుమ్ కూర్చుంది. తిరుమలమ్మ ఎడమ చేత్తో కుడి భుజం పిసుక్కుంటూ ఉండటం చూసింది.

"భుజం నొప్పా అక్కా?"

"ఇప్పుడు తగ్గిందిలే. నువ్వు గడియారం పట్టుకోని కూసున్న్యావు సూడు, ఆ మూడు దినాలూ బలే పట్టేసింది. దినామూ ఇంటికి పోయి బామ్ రాసుకోని పడుకుంటా ఉంటి."

"ఎందుకు? రోజూ చేసే పనే కదా?"

చుట్టూ ఉన్నవాళ్ళు ఒకరినొకరు చూసుకుని నవ్వారు. తిరుమలమ్మ చెప్పింది. "దినామూ అట్ల సేస్తే మనుషులు బతుకుతారా? కాలేజీ పాప వచ్చుండాది, మనం బిన్నా బిన్నా గబగబా సేస్తే ఆ పాపకు మార్కులు బాగా పడతాయి అని ఎస్తేరు సెప్పింది. పోనీలే, సదువుకునే పిల్ల అని అందరమూ ఆ గంట సేపు ఊపిరి బిగబట్టి సేసినాం. ఏం, మార్కులు పడినాయా?"

తరన్నుమ్ క్యారియరు మూత పెట్టేసింది. తల ఊపినట్టు ఊపి, చేయి కడుక్కుంటానని లేచి, నీళ్ళ ట్యాంకు వెనక్కి పోయి నిలబడింది. కొంతసేపు ఏడ్చింది. తర్వాత మొహం కడుక్కుని జ్ఞానాంబ మేడమ్‌కు ఫోను చేసింది.

మేడమ్ జరిగినదంతా వింది. తర్వాత అడిగింది.

"ఏ టైములో కొలిచినావు?"

"పొద్దున పదీ పదకొండు మధ్యలో మేడమ్."

"మూడు దినాలూనా?"

"మూడు దినాలూ."

"ఎందుకు?"

తరన్నుమ్ నిజమే చెప్పింది. "ఆ టైముకు అక్కడ ఎండ పడదు మేడమ్. కుర్చీ వేసుకునేదానికి బాగుంటాది."

"నీకు బాగుండే టైములో కొలిచినావు. ఇంక మధ్యాన్నం వచ్చే కాయ ఎట్లుంటాది? పొద్దున కాయ మాదిరే ఉంటాదా?"

"చూడలేదు మేడమ్."

అవతల నిట్టూర్పు వినబడింది. తిట్టు పడుతుందని తరన్నుమ్ కళ్ళు మూసుకుంది. మేడమ్ తిట్టలేదు.

"సరే. సోమవారం ఇంకా రాలేదు కదా. పోయి ఆ రిపోర్టు తప్పని చెప్పు."

"ఇంటర్న్‌షిప్ సర్టిఫికెట్టు ఇయ్యకపోతే మేడమ్?"

"ఇయ్యకపోతే ఆ తలనొప్పి నాది, నేను చూసుకుంటా. కానీ ఉత్త చేతుల్తో పోవద్దు. ఏడుపు మొగంతో అస్సలు పోవద్దు. తప్పని చెప్పేదానికి కూడా కొలత కావల్ల. రెండో సంవత్సరంలో చెప్పినా కదా, గడియారం లేకుండా కొలిచే పద్ధతి. గుర్తుండాదా?"

గుర్తుంది. పరీక్షలో పది మార్కుల ప్రశ్న అది. పనిచేసేవాళ్ళ ఎదురుగా కూర్చోకుండా, ముందుగా అనుకున్న వేళల్లో కాకుండా, ఎప్పుడో ఒకప్పుడు ఒక్కసారి తలెత్తి చూడాలి. ఆ క్షణంలో ఎంతమంది చేతులు పనిలో ఉన్నాయి, ఎంతమందివి ఖాళీగా ఉన్నాయి, అంతవరకే రాసుకోవాలి. అలా చాలాసార్లు చూస్తే, అసలు పని ఎలా సాగుతోందో తెలుస్తుంది.

ఆమె స్టాప్‌వాచీ సంచిలో పెట్టేసింది. బెల్టు మొదట్లో, తొట్టిలోకి క్రేట్లు కుమ్మరించే చోట ఒక స్తంభం ఉంది. దాని పక్కన నిలబడి, క్రేట్ల రిజిస్టరు తిరగేస్తున్నట్టు ఉంటూ, అప్పుడప్పుడు తలెత్తి చూసింది. ఐదు గంటల దాకా నలభై సార్లు చూసింది. ఎండ సరిగ్గా ఆ స్తంభం మీదే పడుతోంది. దుపట్టా తల మీదికి లాక్కుని నిలబడింది.

చూస్తూ ఉంటే, మూడు రోజులు కుర్చీలో కూర్చుని చూడనివి ఎన్నో కనబడ్డాయి. మధ్యాహ్నం వచ్చే కాయ వేరు. గేటు బయట ఎండలో నిలబడిన ట్రాక్టర్లలో అడుగున నలిగి, మాగాక పొద్దున మంచి కాయ పోగా మిగిలిన కాయ అది. ఒక్కో పండుకు మూడు నాలుగు మచ్చలు. అలాంటి పండు చేతికొస్తే తిరుమలమ్మ దాన్ని రెండుసార్లు తిప్పి చూసి, లోతుగా చెక్కి, వాసన చూసి మరీ వదులుతోంది. నలభై సార్లలో ముప్పై మూడు సార్లు దాదాపు అందరి చేతులూ పనిలోనే ఉన్నాయి. ఆగి నీళ్ళు తాగేవాళ్ళో, కత్తి నూరుకునేవాళ్ళో ఒకరిద్దరు, అంతే.

మిగతా ఏడుసార్లు మాత్రం ఇరవై నాలుగు మందీ చేతులు కట్టుకుని నిలబడి ఉన్నారు. ఎందుకంటే ఆ ఏడుసార్లూ బెల్టే ఖాళీగా ఉంది. పండ్లు రాలేదు.

నలభైలో ఏడంటే గంటకు పది నిమిషాలు దాటి. తరన్నుమ్ రిజిస్టరు మూసి షెడ్డులోకి పోయి చూసింది. కొత్తగా దిగిన పచ్చికాయల క్రేట్లు తలుపు దగ్గరే పేర్చేస్తున్నారు. మాగిన కాయ వెనక ఉండిపోతోంది. దాన్ని బయటికి తీయాలంటే ముందున్నవన్నీ పక్కకు జరపాలి. జరిపేలోగా బెల్టు ఖాళీ అయిపోతోంది. షెడ్డుకు వెనక ఇంకో తలుపు ఉంది కానీ, దానికి అడ్డంగా పాత డ్రమ్ములు పడి ఉన్నాయి.

ఐదుంపావుకు ఆమె మేనేజరు గదిలోకి వెళ్ళింది.

"సార్, నేనిచ్చిన రిపోర్టు తప్పు సార్. వెనక్కి తీసుకుంటాను."

ధనంజయ కళ్ళజోడు తీసి టేబులు మీద పెట్టాడు. "తప్పంటే?"

ఆమె ఏదీ దాచకుండా చెప్పింది. పొద్దుటి వేళ ఒక్కటే కొలిచింది, తన వీలు చూసుకుని కొలిచింది, చూస్తున్నారని వాళ్ళు వేగంగా చేశారు, మధ్యాహ్నం కాయ ఎలా ఉంటుందో తను చూడనేలేదు. ఆరు పేర్ల కాగితం తన దగ్గరికే వచ్చిందని కూడా చెప్పింది.

ఆయన ముఖం ఎర్రబడింది. "నిన్ననే నేను ఓనరుకు ఫోన్లో చెప్పినా కదమ్మా! ఇప్పుడు లేదు, తూచ్ అంటే నా మాటకు ఏం విలువుంటాది? నువ్వు ఆడోళ్ళ కష్టం చూసి మనసు మార్చుకోని వచ్చినట్టుండావు. జాలి వేరు, లెక్క వేరు."

"జాలి కూడా ఉండాది సార్" అంది తరన్నుమ్. "కానీ నేను జాలితో రాలేదు. మొదట రాసిందే తప్పు లెక్క. ఇది చూడండి." స్తంభం దగ్గర రాసిన కాగితాలు ముందు పెట్టింది. గీతలూ, చెమట మరకలూ తప్ప అందులో గ్రాఫులు లేవు.

ఆయన వాటిని చాలాసేపు చూశాడు. చివరికి అన్నాడు. "రెండు కాగితాలూ నువ్వు రాసినవే. దేన్ని నమ్మేది నేను? రేపు ఆదివారం. మిషను నడస్తాది. బెల్టు చివర నిలబడే ఆరుగురిని షెడ్డు పనికి పంపిస్తా. పద్దెనిమిది మందితో ఒక దినం నడిపి చూద్దాం. ఏది నిజమో బెల్టే చెప్తాది."

ఆ సాయంకాలం ఇంట్లో తరన్నుమ్ అన్నం సరిగా తినలేదు. ఇంట్లో మాటలన్నీ ఉర్దూలోనే. ఏమైందని తండ్రి రెండుసార్లు అడిగాక, జరిగింది చెప్పింది. నిస్సార్ విని, తన పని సంగతే చెప్పాడు. కొలత తప్పి కోసిన రేకు మళ్ళీ అతకదనీ, అయినా పెట్టె కొన్నవాడి ఇంటికి చేరకముందే పట్టుకుంటే నష్టం రేకుతోనే పోతుందనీ అన్నాడు. అంతకంటే ఎక్కువ మాట్లాడలేదు. పొద్దున తనే మోటారు సైకిలు మీద ఫ్యాక్టరీ దాకా దిగబెట్టాడు.

ఆదివారం ఎనిమిదిన్నరకు బెల్టు కదిలింది. ధనంజయ చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు. అటు తొమ్మిది మంది, ఇటు తొమ్మిది మంది. తొమ్మిదైంది, పదైంది. కాయ శుభ్రంగా ఉంది. పండ్లు వస్తున్నాయి, కోసి వదులుతున్నారు, పోతున్నాయి. ఎక్కడా ఆగలేదు. పదిన్నరకు ఆయన తరన్నుమ్ వైపు తిరిగి కనుబొమ్మలు ఎగరేశాడు. మొదటి లెక్కే నిజమైతే? ఎస్తేరు ఎదురుగా ఉండి కూడా ఆమె వైపు చూడలేదు.

పదకొండు దాటాక, మేనేజరు ముందు బిగబట్టి చేస్తున్న చేతుల వేగం తగ్గసాగింది. పన్నెండు కాకముందే ఎండలో నిలిచిన కాయ రావడం మొదలైంది. ఒకామె చేతిలో పండు ఇంకా పూర్తి కాకముందే రెండు పండ్లు ముందుకు జారిపోయాయి. వాటిని అందుకోవాలని పక్కామె వంగితే ఆమెవి మూడు పోయాయి. బెల్టు చివర పండ్లు కుప్ప పడ్డాయి.

"మచ్చ కాయ పోతాండాది, సూడండి! ముచ్చికతోనే పోతాండాది!" అని ఎస్తేరు అరుస్తోంది. తనూ ఒక కత్తి తీసుకుని వరుసలో దూరింది.

ధనంజయ కూడా చొక్కా చేతులు మడిచి, ఒక కత్తి అందుకుని నిలబడ్డాడు. పది పండ్లు కోసేసరికి ఆయన వేళ్ళకు సొన అంటి కత్తి జారింది. ఆయన ఒకటి కోసేలోపల పక్కన తిరుమలమ్మ మూడు కోస్తోంది, అయినా అందడం లేదు. అప్పుడే ల్యాబులో పనిచేసే గ్రేసీ గాజు గ్లాసులో గుజ్జు పట్టుకుని పరుగున వచ్చింది. పసుపుపచ్చ గుజ్జులో నల్ల చుక్కలు తేలుతున్నాయి.

"సార్, ఇది డ్రమ్ముల్లోకి పోతే కొన్నోళ్ళ కాడి నుంచి మొత్తం వెనక్కొస్తాది సార్!"

"ఆపండి!" అని అరిచాడు ధనంజయ. బెల్టు ఆగింది. ఆయన చేతులు కడుక్కుంటూ ఎస్తేరుతో అన్నాడు. "షెడ్డులో ఉండే ఆరుగురినీ పిలువు. యాడోళ్ళు ఆడ నిలబడమను."

"సోమవారం సంగతి సార్?" ఎస్తేరు మెల్లగా అడిగింది.

"సోమవారమూ అంతే. సీజను అయ్యేదాకా అంతే."

ఎస్తేరు నీళ్ళ ట్యాంకు గోడకు ఆనుకుని, కొంగుతో ముఖం తుడుచుకుంది. తర్వాత షెడ్డు వైపు తిరిగి ఆ ఆరుగురినీ ఒక్కొక్కరినే పేరు పెట్టి పిలిచింది. గొంతు ఎప్పటికన్నా గట్టిగా వినబడింది. మొన్న రాత్రి కాగితం మీద ఏ ఆరు పేర్లూ రాయలేకపోయిన మనిషి తను. పిలుస్తుంటే ఆమెకు నవ్వొచ్చింది.

తరన్నుమ్ అక్కడే ఒక ఖాళీ క్రేటు మీద కూలబడింది. నిన్నటి నుంచి సరిగా తినలేదేమో, ఒక్కసారిగా ఆకలి వేసింది.

మధ్యాహ్నం ధనంజయ ఆమెను పిలిచి షెడ్డు వెనక తలుపు చూపించమన్నాడు. డ్రమ్ముల అవతల తలుపు గొళ్ళెం తుప్పు పట్టి ఉంది.

"దీన్ని మూసి ఎన్నేండ్లయిందో నాకే తెలీదు. ఇది తెరిస్తే ఏమవుతాదంటావు?"

"పచ్చికాయ ఈ పక్క నుంచి వస్తాది సార్, మాగింది ఆ పక్క నుంచి బెల్టుకు పోతాది. ముందొచ్చింది ముందు పోతాది. బెల్టు ఖాళీగా తిరిగే పది నిమిషాలు మీకు మిగలతాయి. ఇంకొకటి కూడా చెప్పల్ల సార్. పొద్దున కాయ శుభ్రంగా ఉండే వేళ, వాళ్ళ మామూలు వేగంతో లెక్కేస్తే ఇరవై రెండు మంది చాలు. అది నేను దాచిపెడితే మళ్ళా తప్పవుతాది. ఆ ఇద్దరినీ పదకొండు దాకా క్రేట్లు ఏరేదానికి పెడితే, మెత్తబడిన కాయ ముందే పక్కకు పోతాది. మధ్యాన్నానికి బెల్టు కాడికి వచ్చేస్తారు."

ధనంజయ తుప్పు గొళ్ళెం కదిలించి చూశాడు. "ఈ మాట శుక్రవారమే రాసింటే నాకు ఈ సొన బాధ తప్పుండేది కదమ్మా" అని దురద పుట్టిన వేళ్ళు గోక్కుంటూ నవ్వాడు. "రాసియ్యి. ఈసారి మొత్తం చదువుతాలే."

మంగళవారానికి డ్రమ్ములు పోయాయి, తలుపు తెరుచుకుంది. మొదటి రెండు రోజులు అలవాటు కొద్దీ అందరూ పాత తలుపు దగ్గరే క్రేట్లు దించి, ఎస్తేరుతో తిట్లు తిన్నారు. వారం తిరిగేసరికి బెల్టు ఖాళీగా తిరగడం గంటకు మూడు నిమిషాలకు దిగింది. తరన్నుమ్ అనుకున్నంత కాదు. ఆ మూడు నిమిషాలు ఎందుకు పోతున్నాయో సీజను ముగిసేదాకా ఆమెకు దొరకలేదు. తిరుమలమ్మకు మాత్రం అసలు సంగతి ఎస్తేరు చెప్పేసింది. ఆమె తరన్నుమ్‌ను చూసి, "అయితే మార్కుల కోసమని బిన్నా సేస్తే మా పనికే ఎసరొచ్చుండేదా? ఇంగ నువ్వొస్తే నిదానంగా సేస్తాం పో" అని పడీపడీ నవ్వింది. తరన్నుమ్ క్షమించమని అడగబోతే, "ఊరుకో పాపా" అని ఒక మాగిన పండు కోసి చేతిలో పెట్టింది.

ఆగస్టులో తిరుపతిలో, కాలేజీ సెమినారు హాల్లో ఇంటర్న్‌షిప్ రివ్యూ జరిగింది. ముందు వరుసలో జ్ఞానాంబ మేడమ్, ఇద్దరు అధ్యాపకులు, బయటి నుంచి వచ్చిన మునిశేఖర్ అనే పెద్దాయన. ముప్పై ఏళ్ళు ఫ్యాక్టరీల్లో పనిచేసి రిటైరైన మనిషి. అప్పటిదాకా వచ్చిన విద్యార్థులందరి కాగితాల్లో పన్నెండు గడులూ నిండి ఉన్నాయి. తరన్నుమ్ కాగితంలో నాలుగే టిక్కులున్నాయి. ముందు పెట్టుకున్న తొమ్మిదీ కొట్టేసి, కొత్త కాగితం రాసింది. రిపోర్టులో మొదట తప్పు లెక్క, దాని వెనక సరైన లెక్క, రెండూ కలిపి కుట్టించింది.

మునిశేఖర్ పేజీలు తిప్పి, "మొదటిది తీసేసి ఉంటే మాకెవరికీ తెలిసేది కాదు కదమ్మా" అన్నాడు.

"తెలిసేది కాదు సార్. కానీ రెండోది ఎట్ల వచ్చిందో మొదటిది లేకుండా చెప్పలేను."

"మనుషులకు ఏమవుతుందో ఆలోచించగలగడం అనే వాక్యానికి టిక్కు పెట్టలేదే? వాళ్ళ పని నిలబెట్టినావు కదా?"

"ఆలోచించింది నేను కాదు సార్. ఎస్తేరక్క నా చేతికి తెల్ల కాగితం ఇచ్చేదాకా నాకు తోచలేదు. నాకు నేనుగా ఆలోచించిన దినం టిక్కు పెట్టుకుంటాను."

ఆయన మేడమ్ వైపు చూశాడు. మేడమ్ కిటికీ వైపు చూస్తోంది. పెద్దాయన పెన్ను తీసి మార్కులు వేసి, తర్వాతి పేరు పిలవమన్నాడు. అంతే. ఇంకేమేమి అడుగుతారోనని నాలుగు రోజులుగా చదువుకొచ్చిన ప్రశ్నలేవీ రాలేదు.

బయటికొచ్చాక వరండాలో జ్ఞానాంబ మేడమ్ ఆమెను ఆపింది. "పాసయినావులే. పదేండ్ల నించి చదవతా ఉండే నాలుగు మాటలు ఈసారి చదివే పని తప్పింది" అని మాత్రం అని, లోపలికి వెళ్ళిపోయింది.

తరన్నుమ్ ఇంటికి ఫోను చేసింది. పాసయ్యానని చెబితే నిస్సార్ అవతల దుకాణంలో సుత్తి దెబ్బలు ఆపించి, ఇంకోసారి చెప్పమన్నాడు. ఆమె ఇంకోసారి చెప్పింది. ఆయన అల్హమ్దులిల్లా, అంతా దేవుడి దయ అని, మీ అమ్మీ నీ కోసం ఖీమా వండుతోంది, దారిలో ఏమీ తిని రావద్దు అన్నాడు.

బస్‌స్టాండులో చిత్తూరు బస్సు కదలడానికి సిద్ధంగా ఉంది. కిటికీ పక్క సీటు దొరికింది. బయట సన్నగా తుంపర మొదలైంది. చంద్రగిరి దాటేదాకా మేలుకుని ఉండాలనుకుంది కానీ, బస్సు ఊరు దాటకముందే ఆమెకు ఒళ్ళు తెలియని నిద్ర పట్టేసింది.